బండి నడిపితే గజ్జలల్ల నొప్పి, తిమ్మిరి – సీటు మార్చాల్నా, బండే మార్చాల్నా?

తిప్పర్తి_తొవ్వ (నల్లగొండ) · సోమవారం రాత్రి 9:50

అందరికి నమస్తే. ఈ ముచ్చట ఇంట్ల చెప్పుకోలేక ఈడ రాస్తున్న, తెలిసినోళ్లు జర చెప్పుండ్రి. నాది విత్తనాలు, పురుగుమందుల కంపెనీల ఫీల్డు పని. దినాం పొద్దుగాల నల్లగొండల బయలెల్లి తిప్పర్తి, మిర్యాలగూడ, హాలియా దిక్కు డీలర్ల దగ్గరికి, రైతుల పొలాల మీదికి తిరుగుడే, తక్కువల తక్కువ 110, 120 కిలోమీటర్లు పడతది. బండి 125 సీసీది, రెండేండ్ల కింద సెకండ్ హ్యాండ్ల తీసుకున్న. మొదట్ల ఏం తక్లీబు లేకుండె. గీ నాలుగైదు నెలల సంది గంట నడపంగనే కాళ్ల సందుల బరువుబరువు అనిపిస్తది, బీజాల దగ్గర గుంజినట్టు నొప్పి, బ్రేకు కొట్టినప్పుడల్లా ట్యాంకుకు తగిలి పాణం పోయినట్టైతది. దిగినంక ఓ పది నిమిషాలు ఆ జాగ మొత్తం మొద్దుబారి ఉంటది, ముట్టుకుంటే తెలుస్తలేదు. దాని మీద తొడలకు ఒరుసుకొని ఎర్రగైంది, రాత్రి ఒకటే దురద. మా ఆఫీసుల ఒకాయనకు చెప్తే సీటు మీద జెల్ కవర్ ఏసుకో అన్నడు, ఇంకొకాయన బండి అమ్మి స్కూటీ కొనుక్కో అన్నడు. ఇప్పుడు బండి మార్చేటంత పైసల్ లేవు. ఎవరికన్నా ఇట్ల అయిందా, అయితే ఏం చేసిండ్రు?

పాలమూరు_100సీసీ · సోమవారం రాత్రి 10:15

అన్నా నాకు గూడ అయింది, మహబూబ్‌నగర్ నుంచి జడ్చర్ల మీదికెళ్లి షాద్‌నగర్ దాక ఆర్నెల్లు దినాం పోయొచ్చిన. నేనైతే ముందు లోపటి బట్ట మార్చిన. వదులు డ్రాయర్ ఏసుకుంటే అన్నీ కిందికి జారి తొడకూ సీటుకూ నడుమ పడి నలుగుతయి. సైకిల్ తొక్కేటోళ్లు ఏసుకునే షార్టు ఉంటది చూడు తొడల సగం దాక, మెత్తగ సాగేది, గది ఏసుకో. దాంట్ల పైకి పట్టి ఉంటది, తొడలు ఒరుసుకోవు. ఇంకోటి జీన్సు బంద్ పెట్టు. జీన్సుకు కింద నాలుగు కుట్లు కలిసే కాడ గడ్డ లెక్క ఉంటది, రెండు గంటలు దాని మీదనే కూసుంటవ్ మరి. ఫార్మల్ ప్యాంటే నయం.

ఘాట్‌రోడ్డు_అచ్చంపేట · సోమవారం రాత్రి 10:40

జెల్ కవర్ సంగతి నేను చెప్తా. కొన్న, వాడిన, తీసేసిన. చలికాలం మంచిగనే ఉంటది గని మన దిక్కు మే నెలల 44, 45 డిగ్రీల ఎండ, బండి గంట బయట పెట్టి వస్తే ఆ జెల్ కాలుతది, రెగ్జిన్ కన్న ఎక్కువసేపు వేడి పట్టుకుంటది. గాలి ఊదే కవర్ గూడ తెచ్చిన, గడిగడి గాలి బుడగలు ఉండేది. అది వేడి కాదు, తిమ్మిరికి మంచిగ పని చేసింది గని గాలి నిండుగ కొడితే బంతి మీద కూసున్నట్టు అటిటు ఊగుతది. సగానికి తక్కువ గాలి పెట్టాలె, కూసున్నంక పిర్రల ఎముకకూ సీటుకూ నడుమ ఒక వేలు మందం ఉంటే చాలు.

గాని అసలు సంగతి వేరే తమ్మీ. నేను శ్రీశైలం పోయేటప్పుడు గమనించిన. మన్ననూరు చెక్‌పోస్టు నుంచి అడవిల దోమలపెంట దాక బండి సమానంగ పోతది, ఏం నొప్పి లేదు. దోమలపెంట దాటి డ్యామ్ దిక్కు దిగుడు మొదలైతది, మూల మూలకు బ్రేకు, అప్పుడు మొత్తం మనిషి ముందటికి జారి ట్యాంకు మీద పడతడు. ఆ ఇరవై నిమిషాలల్లనే నాకు నొప్పి వస్తుండె. అంటే కూసునుడు కాదు, జారుడు నొప్పి. అప్పటి సంది దిగుట్ల బండిని మూడో గేర్ల, రెండో గేర్ల పెట్టి ఇంజన్ మీదనే ఆపుకుంట దిగుతున్న, మోకాళ్లతోని ట్యాంకును రెండు దిక్కుల గట్టిగ పట్టుకుంటున్న. బరువు తొడల మీద పడతది, మెత్తటి జాగ మీద పడదు. నువ్వు గూడ చూసుకో, కూసున్నప్పుడా, జారినప్పుడా ఎప్పుడొస్తున్నదో.

తిప్పర్తి_తొవ్వ · మంగళవారం ఉదయం 6:20

అన్నా నువ్వు చెప్పినంక రాత్రి అంత సోచాయించిన. నిజమే, నాది గూడ ఊర్లల్ల స్పీడ్ బ్రేకర్ల కాడనే ఎక్కువ. ఇంకోటి, నేను ఎంత ఎనకకు జరిగి కూసున్నా రెండు కిలోమీటర్లు పోయేసరికి మల్ల ట్యాంకు దగ్గర్నే ఉంటున్న. గడియకొకసారి లేసి ఎనకకు జరుగుడే నా పని అయింది.

సీటుకుట్టు_జడ్చర్ల · మంగళవారం మధ్యాహ్నం 2:05

నేను ఇరవై రెండేండ్ల సంది సీట్లు కుడుతున్న, ఆటోలయి, ట్రాక్టర్లయి, బండ్లయి అన్నీ. నువ్వు ఆఖరుకు రాసిన ఒక్క మాట సాలు, జబ్బు బండిల ఉన్నది. ఎనకకు జరిగినా ముందటికి వస్తున్నవ్ అంటే సీటు ఏటవాలుగ అయింది. అట్ల మూడు కారణాలకు అయితది, మూడూ చూసుకో.

ఒకటి ఫోమ్. రెండు చేతులతోని సీటు ముందటి భాగం, ట్యాంకు పక్కకు నాలుగు వేళ్ల జాగ వదిలి, బొటనవేలుతోని గట్టిగ ఒత్తు. మల్ల ఎనక భాగం ఒత్తు. ముందట అడుగున ప్లాస్టిక్ తగులుతుంటే ఆడ ఫోమ్ సచ్చిపోయింది. రోజు 120 కిలోమీటర్లు తిరిగే బండికి రెండు మూడేండ్లల్ల అట్లనే అయితది, అందరు ఒకటే జాగల కూసుంటరు మరి, ఆడ గుంట పడతది, ఆ గుంటలకు జారతరు.

రెండు, ఎనక షాకప్‌లు. వాటి కింద మెట్లు మెట్లు ఉన్న రింగు ఉంటది, పానాతోని తిప్పేది. నీకంటే ముందు నడిపినాయన బరువులేసి ఉంటే గట్టి మెట్టు మీద పెట్టి ఉంటడు. అది పెట్టి నువ్వొక్కనివే తిరిగితే బండి ఎనక లేసి ఉంటది, సీటు ముందటికి వాలుతది.

మూడోది ఎవరూ చెప్పరు. బండి వాటర్ సర్వీసింగుకు ఇస్తవా? ఆడ కడిగినంక మెరుస్తదని సీటు మీద పాలిష్ కొడతరు. ట్యాంకుకు కొడితే మంచిదే, సీటుకు కొడితే నూనె రాసినట్టైతది. నా కాడికి వచ్చే పది సీట్లల్ల సగం గవే. సబ్బు నీళ్లతోని రెండు సార్లు తుడిచి ఎండల ఆరబెట్టు, పైస ఖర్చు లేదు, ముందు గదే చేయి. సర్వీసింగోళ్లకు సీటు ముట్టుకోవద్దని చెప్పు.

కొత్త కవర్ ఏయించుకుంటే మెరిసే రెగ్జిన్ కాదు, గింజ గింజ ఉండే రెగ్జిన్ అడుగు. నడుమ కుట్టు రావద్దు, కుట్లన్నీ పక్కలకు రావాలె. కొంతమంది అందానికని నడుమ నిలువు కుట్టు ఏయించుకుంటరు, అది సరిగ్గ నొప్పి ఉన్న కాడనే ఒత్తుతది.

పాలక్యాన్లు_నకిరేకల్ · మంగళవారం సాయంత్రం 7:30

సీటు కుట్టే అన్న చెప్పింది అక్షరం అక్షరం నిజం. నేను పాలు పోస్త, పన్నెండేండ్ల సంది. ఎనక రెండు దిక్కుల 40 లీటర్ల క్యాన్లు, నడుమ ఒకటి. నడుమ క్యాను సీటు మీద సగం జాగ తింటది, మనిషికి మిగిలేది జానెడు. ట్యాంకుకు అతుక్కొని కూసోవాలె. నాకు ఒకనాడు మూత్రం పోస్తుంటే మంట, బీజం దగ్గర వాపు గూడ వచ్చింది. దవాఖానల చూపిస్తే ఒత్తుడు వల్ల అన్నరు, నెలరోజులు బండి ఆపుమన్నరు, పాలోనికి నెలరోజులు బండి ఆపుడు అంటే ఎట్ల చెప్పుండ్రి. వెల్డింగ్ షాపుల క్యారియర్‌ను ఎనకకు ఆరు ఇంచులు సాపిచ్చిన, నడుమ క్యాను సీటు మీదికెళ్లి క్యారియర్ మీదికి పోయింది. గంతే, మల్ల రాలేదు. బరువు మరీ ఎనకకు పోతే ముందటి చక్రం తేలికైతదని ఆ క్యానుల సగమే పోస్త.

యూరియా బస్తా ముందట పెట్టుకొని పోయేటోళ్లు, పిల్లను ట్యాంకు మీద కూసోబెట్టుకునేటోళ్లు గూడ ఇది చూసుకోవాలె. పిల్లలకు ఇంక డేంజర్, బ్రేకు కొడితే ట్యాంకుకూ మనకూ నడుమ నలిగేది వాళ్లే.

ఫిజియో_పాలమూరు · మంగళవారం రాత్రి 11:10

నేను మహబూబ్‌నగర్‌లో ఫిజియోథెరపీ చేస్తాను. మొద్దుబారడం అన్నారు కాబట్టి దాని గురించి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే చాలామంది నొప్పికి భయపడతారు గానీ తిమ్మిరిని పట్టించుకోరు.

మనం కుర్చీలో కూర్చుంటే బరువంతా పిర్రల కింద రెండు ఎముకల మీద పడుతుంది, అవి బరువు మోయడానికే ఉన్నాయి. వాటి మధ్యలో, ముందు భాగానికీ మలద్వారానికీ నడుమ ఉన్న మెత్తటి జాగాలో ప్యూడెండల్ అనే నరమూ దాని పక్కనే రక్తనాళాలూ పోతాయి. బండి సీటు ముందు భాగం సన్నగా ఉంటుంది కదా, మీరు ముందుకు జారి దాని మీద కూర్చుంటే ఎముకలు సీటు పక్కలకి వెళ్లిపోయి బరువు ఈ మెత్తటి జాగా మీద పడుతుంది. నరం నొక్కుకుపోయి తిమ్మిరి వస్తుంది. దిగిన పది నిమిషాలకి పోతుంది అన్నారు, అది కొంత నయమే, కానీ రోజూ అదే నరాన్ని అట్లనే నొక్కుతూ పోతే కోలుకోవడం నెమ్మదిస్తుంది. గంటలు గంటలు పోకుండా ఉన్నా, లేదా అంగస్తంభనలో తేడా కనిపించినా ఆలస్యం చేయకుండా యూరాలజిస్టుని కలవండి. ఇది సిగ్గుపడే విషయం కాదు, కాలు బెణికితే చూపించుకున్నట్టే. ఇంకొకటి, కాళ్ల సందు మొత్తం మొద్దుబారి రెండు కాళ్లలో బలం తగ్గి మూత్రం రాకుండా ఆగిపోతే అది సీటు సమస్య కాదు, వెన్నుపూస దగ్గర నరాలు ఒత్తుకున్నట్టు, ఆ రోజే పెద్ద దవాఖానకి పోవాలి.

నడుము పద్ధతి కూడా చూడండి. హ్యాండిల్ దూరంగా ఉంటే నడుము ముందుకు వంగి, బరువు ముందు భాగం మీదికి వస్తుంది. మోచేతులు కొంచెం వంగి ఉండాలి, కర్రల్లాగా సాపుకొని ఉండకూడదు. నలభై ఐదు నిమిషాలకి ఒకసారి దిగి రెండు నిమిషాలు నడవండి. దిగలేకపోతే రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, స్పీడు తగ్గించి, ఫుట్‌రెస్టుల మీద కొంచెం లేచి పది లెక్కపెట్టండి. స్పీడ్ బ్రేకర్ మీద కూర్చొని ఎగరకుండా అట్లనే లేస్తే సగం దెబ్బ కాళ్లు తీసుకుంటాయి.

తిప్పర్తి_తొవ్వ · బుధవారం రాత్రి 8:45

అన్నలూ, ఇయ్యాల ఆఫీసుకు లీవు పెట్టి బండి ముంగట కూసున్న. మేస్త్రీ దగ్గర మట్టం పట్టీ తెచ్చి సీటు మీద పెట్టి చూసిన, డబుల్ స్టాండ్ ఏసి. బుడగ ఒక మూలకు పోయింది, నడుమకు రానే రాలేదు, ముందటికి బాగ వాలుంది. ముందట ఒత్తితే ప్లాస్టిక్ గట్టిగ తగులుతుంది. షాకప్ రింగు ఐదు మెట్లుంటె నాలుగో దాని మీద ఉన్నది, ఎడమది నాలుగు, కుడిది మూడు! రెండేండ్ల సంది ఒక్కనాడు సుత చూడలే. పాలిష్ సంగతి సరేసరి, గుడ్డతోని తుడిస్తే గుడ్డ నల్లగ జిడ్డయింది. ట్యాంకు ఎనక అంచు కాడ నా ప్యాంటు ఒరుసుకొని పెయింటు మెరుపు పోయి అరచేయంత మరక అయింది, అది ఇన్నొద్దులు దుమ్మనుకున్న.

సీటుకుట్టు_జడ్చర్ల · బుధవారం రాత్రి 9:20

తమ్మీ డబుల్ స్టాండ్ మీద మట్టం పెట్టొద్దు. స్టాండ్ ఏస్తే ఎనక చక్రం లేస్తది, మంచి బండి గూడ ముందటికి వాలినట్టే చూపెడ్తది. రెండు చక్రాలు నేల మీద ఉంచి, ఇంకో మనిషిని బండి పట్టుకోమని, నువ్వు ఎక్కి మామూలుగ కూసో, నీ ఎనక సీటు మీద పట్టీ పెట్టి మూడో మనిషి చూడాలె. అప్పుడే సరైన లెక్క. అయినా నీది షాకప్‌లు ఎక్కువ తక్కువ ఉన్నయి గద, ముందు రెండూ ఒకటే మెట్టు మీద పెట్టు, ఒక్కనివి తిరిగితే రెండోది సాలు. ఎనక మనిషిని ఎక్కించుకుంటే మల్ల పెంచుకోవాలె, లేకుంటే గుంతల కింద తగులుతది. టైర్ల గాలి సుత బండి మీద స్టిక్కర్ల రాసినంతే పెట్టు, కొంతమంది మైలేజీ కోసం ఎక్కువ కొట్టిస్తరు, ప్రతి రాయి నడుముకు తగులుతది.

ఇగ ఫోమ్ ముక్క అతికిచ్చుకోకు, పూర పాతది తీసి గట్టి ఫోమ్ ఏయించుకో. మెత్తగుంటే సుఖం అనుకుంటరు, అది తప్పు. మెత్తటి ఫోమ్‌ల ఎముకలు దిగిపోయి నడుమ భాగం పైకి ఒత్తుకొస్తది. ముందట అర ఇంచు ఎత్తు, నడుమ నిలువుగ నాలుగు వేళ్ల వెడల్పు, ఇంచు లోతు గాడి కోపిచ్చి పైన మెత్తటి పలుచటి పొర ఏయమను. ఏ ఊర్ల కుట్టేటాయనైనా చేస్తడు, కూసొని చూసినంకనే పిన్నులు కొట్టమని చెప్పు.

పల్లె_నర్సక్క (నాగర్‌కర్నూల్) · గురువారం ఉదయం 5:40

ఇది మొగోళ్ల ముచ్చటే అనుకోకుండ్రి తమ్ముళ్లూ. నేను ఏఎన్ఎంగ చేస్త, ఐదు ఊర్లు, స్కూటీ మీద తిరుగుత. ట్యాంకు లేదు గని సీటు ముందట సన్నటి ముక్కు మాకూ ఒత్తుతది. డెలివరీల కుట్లు పడ్డోళ్లకు ఆ జాగ ఏండ్లకు గూడ సలుపుతది, వాళ్లు బండి మొదలుపెట్టే ముందు డాక్టరును అడగాలె.

మాకు పెద్ద తక్లీబు నెలసరి రోజులల్ల. ప్యాడు పెట్టుకొని రెండు గంటలు ఎండల బండి మీద ఉంటే తొడల సందు పుండైతది. నేను ఇప్పుడు నాలుగు గంటలకు ఒకసారి మార్చుకుంట, బయలెల్లే ముందు తొడలకు కొబ్బరినూనె కొంచెం రాసుకుంట, ఒరుపు తగ్గింది. ఇంకోటి చెప్తే వింటరో వినరో, నీళ్లు తాగుండ్రి. తొవ్వల బాత్రూం ఉండదని మేము పొద్దటి సంది నీళ్లు తాగం, మూత్రం ఆపుకుంటం, దాంతోని మంట, జ్వరం, కడుపుల నొప్పి. నా కాడికి వచ్చే ఆడపిల్లల్ల బండి మీద కాలేజీకి, కంపెనీలకు పోయేటోళ్లకు ఇదే ఎక్కువ. పెట్రోల్ బంకుల బాత్రూం, తాగే నీళ్లు ఫ్రీగ పెట్టాలె అని రూలే ఉన్నది, అడగొచ్చు. తాళం ఏసి ఉంటే తీయించుకోండ్రి, మొహమాటం వద్దు. నేనైతే దినాం తిరిగే తొవ్వల ఏ బంకుల బాత్రూం శుభ్రంగ ఉంటదో మనసుల రాసుకొని పెట్టుకున్న, ఆడ ఆగి నీళ్లు తాగుత, ఆడనే పోత.

టీచరమ్మ_వనపర్తి · గురువారం ఉదయం 7:15

అక్కా మంచిగ చెప్పినవ్. నేను చుడీదార్ ప్యాంటు మీద పోతుంట, నాడ ముడి కింద ఒత్తుకుపోయి మరక పడుతుండె. ఇప్పుడు ఎలాస్టిక్ ఏయించుకున్న. చిన్నదే గని దినాం నలభై కిలోమీటర్లు పోయేటోళ్లకు తెలుస్తది.

కోదాడ_65 · గురువారం రాత్రి 10:00

దురద గురించి ఎవరూ మాట్లాడలే, తిప్పర్తి అన్నా నీకు ఎర్రగ అయింది అన్నవ్ గద, దాని అంచులు చూసుకో. ఒరుపు అయితే తొడ తొడకు తగిలే కాడనే ఎర్రగ, మంటగ ఉంటది, రెండు రోజులు బండి ఆపితే మానుతది. గుండ్రంగ అంచు లేసి, అంచు మీద పొట్టు రాలుకుంట, నడుమ తేటగ అయి, దినదినం పెద్దగ అవుతుంటే అది తామర. నాకు అదే అయింది. నేను హైవే మీద కోదాడ నుంచి సూర్యాపేట దాక పార్శిళ్లు ఏస్త, చెమటకు ప్యాంటు తడిసి ముద్దైతది.

నేను చేసిన తప్పు మీరు చేయకుండ్రి. మెడికల్ షాపుల అడిగితే ఒక ట్యూబ్ ఇచ్చిండు, మూడు మందులు కలిపింది. రాసిన నాలుగు రోజులల్ల దురద మాయం. ఆపిన, వారానికి రెండింతలై వచ్చింది. మల్ల రాసిన. ఇట్ల ఎనిమిది నెలలు. గజ్జల నుంచి నడుముకు, పిర్రలకు పాకింది, ఇంట్ల మా ఆమెకు, పిల్లగానికి అంటుకున్నది. తొడ లోపట తోలు పలుచగై కాన్పైన ఆడోళ్ల కడుపు మీద ఉన్నట్టు చారలు పడ్డయి, అవి ఇప్పటికీ పోలే. చర్మం డాక్టరు ఆ ట్యూబ్ చూసి దీంట్ల స్టెరాయిడ్ ఉన్నది, మంట తగ్గిస్తది గని బూజును పెంచి పోషిస్తది అని చెప్పిండు.

మందులషాపు_మక్తల్ · శుక్రవారం ఉదయం 9:30

నేను ఫార్మసీ చదివి షాపు పెట్టుకున్న, ఆ ట్యూబులు అడిగేటోళ్లు రోజుకు పది మంది వస్తరు, ఇయ్యకుంటే పక్క షాపుకు పోతరు. ట్యూబ్ మీద పేర్లు చదువుండ్రి. క్లోబెటసాల్, బీటామెథసోన్ అసొంటి మాట కనిపిస్తే గజ్జలల్ల రాయొద్దు. క్లోట్రిమజోల్, టెర్బినాఫిన్, లులికొనజోల్ ఒక్కటే ఉన్నది అయితే అది బూజు మందు. రాసేటప్పుడు మరక మీదనే కాకుండ దాని చుట్టు రెండు సెంటీమీటర్ల దాక రాయాలె. పోయినట్టు కనిపించినంక గూడ రెండు వారాలు ఆపొద్దు, అందరూ గిక్కడనే ఆపేస్తరు, లోపట మిగిలింది మల్ల లేస్తది. నడుము దాక పాకిందంటే పై మందుతోని పోదు, గోలీలు కావాలె, అవి లివర్ చూసి డాక్టరే రాయాలె. ఇప్పుడు నల్లగొండల, సూర్యాపేటల, పాలమూర్ల సర్కారు మెడికల్ కాలేజీ దవాఖానలున్నయి, చర్మం డాక్టర్లు ఉంటరు.

లోపటి బట్టలు, తువ్వాల ఎవరియి వాళ్లకే ఉండాలె, వేడినీళ్లల్ల ఉతికి ఎండల ఆరేయాలె, నీడకు బాత్రూంల ఆరేస్తే బూజు సావదు. తడి మీద ఉత్త పౌడర్ కొడతరు గద, అది చెమటకు ముద్దగట్టి ఇంక ఒరుస్తది, ముందు పూర ఆరబెట్టుకోవాలె. మల్ల మల్ల వస్తుంటే షుగర్ టెస్టు చేయించుకోండ్రి. మా కాడ ఒకాయనకు గజ్జల తామరతోనే షుగర్ బయటపడ్డది.

డిండి_ఒడ్డున · శుక్రవారం సాయంత్రం 6:00

నాది వేరే. నేను గూడ బండి వల్లనే అనుకొని సీటు మార్పిచ్చిన, పదిహేను వందలు పెట్టిన. నొప్పి పోలే. నడుము పక్క నుంచి మొదలై గజ్జలకు, బీజం దాక గుంజుతుండె, ఒక్కోనాడు కూసున్నా పండుకున్నా నిలువనీయదు, వాంతి వచ్చేటట్టుంటది. స్కానింగ్ తీస్తే మూత్రనాళంల రాయి, 6 మిల్లీమీటర్లు. బండి దిగినంక గూడ, ఇంట్ల ఉన్నప్పుడు గూడ నొప్పి వస్తే సీటును అనుమానించుకుంట కూసోకుండ్రి. గజ్జల గడ్డ తేలి దగ్గితే పెద్దగై పండుకుంటే లోపటికి పోతే అది హెర్నియా, అదీ బండితోని మానేది కాదు.

దేవరకొండ_మామ · శుక్రవారం రాత్రి 9:15

ఒక్క ముచ్చట చెప్పి పోత. మా అక్క కొడుకు, పదిహేనేండ్లు. రాత్రి రెండు గంటలకు లేసి కింద నొప్పి అని ఏడ్చిండు. పొద్దున బండి నడిపిండు, గద్దెకు తగిలిందేమో అని మా బావ గోలీ ఇచ్చి పండుకోబెట్టిండు. పిల్లగాడు సిగ్గుకు చూపెట్టలే. తెల్లారి చూస్తే ఒక దిక్కు ఎర్రగ వాచి పైకి గుంజుకొని ఉన్నది. హైదరాబాద్ తీసుకపోయేసరికి పదకొండు గంటలైంది. బీజం లోపట మెలి తిరిగింది, దానికి రక్తం అందలేదు, ఆరు గంటల లోపు వస్తే దక్కేది అన్నరు. తీసేసిండ్రు. ఇంకోటి మంచిగనే ఉన్నది, పిల్లగాడు ఇప్పుడు డిగ్రీ చదువుతుండు, గని మా బావ ఆ రాత్రి యాదికొస్తే ఇప్పటికీ అన్నం ముట్టడు. పిల్లలకు ఇది ముందే చెప్పి పెట్టుండ్రి, ఒక్కసారిగ కింద గట్టి నొప్పి వస్తే ఏ టైమైనా లేపుమని, చూపెట్టుమని.

యాక్సిడెంట్ల ట్యాంకుకు గట్టిగ తగిలినా గంతే, మూత్రంల రక్తం వచ్చినా, వాపు వచ్చినా తెల్లారేదాక ఆగొద్దు.

తిప్పర్తి_తొవ్వ · ఇరవై మూడు రోజుల తర్వాత, ఆదివారం

అందరికి దండాలు. అయినకాడికి చెప్త. పాలిష్ తుడిచి, షాకప్‌లు రెండు దిక్కుల రెండో మెట్టు మీద పెట్టిన మొదటి దినమే తేడా తెలిసింది, తిప్పర్తి నుంచి మిర్యాలగూడ దాక ఒక్కసారి సుత ఎనకకు జరగలే. పది రోజులకు నల్లగొండలనే సీటు కుట్టించిన, ఫోమ్, రెగ్జిన్, కూలి అన్నీ కలిపి 1,150 అయినయి. కుట్టేటాయన గాడి అంటే మొదలు ఒప్పుకోలే, వాన నీళ్లు నిలుస్తయి అన్నడు. మన జడ్చర్ల అన్న రాసింది ఫోన్ల చూపెట్టిన, పైన పొర ఏస్తే నిలువయి గద అని చదివి తనే చేసిండు. మూడు సార్లు కూసోబెట్టి, లేపి, సుద్దముక్కతోని నా ఎముకలు పడ్డ కాడ గీతలు గీసి మరీ కోసిండు. పాత ఫోమ్ బయటికి తీసి చూపెట్టిండు, ముందట పాపడం లెక్క రెండు వేళ్ల మందమే మిగిలింది, ఎనక నాలుగు వేళ్లున్నది.

తిమ్మిరి పూర పోయింది. గుంజుడు నొప్పి వారంల ఒకనాడు, అదీ హాలియా దిక్కు 130 దాటినప్పుడే వస్తుంది. యూరాలజిస్టుకు చూపిచ్చిన, స్కానింగ్ తీసిండు, ఎడమ దిక్కు నరాలు కొంచెం ఉబ్బినయి, వెరికోసీల్ అంటరట, ఇప్పటికి ఆపరేషన్ వద్దు, ఆర్నెల్లకు మల్ల రమ్మన్నడు. వేడిల ఎక్కువసేపు ఉండొద్దన్నడు, బీజాలకు ఒంటి వేడి కన్న రెండు నుంచి నాలుగు డిగ్రీలు తక్కువ ఉండాలెనట, అందుకే అవి బయట ఉంటయట. అప్పటి సంది బండి ఏడ ఆపినా చెట్టు నీడ చూసుకుంటున్న, నీడ లేకుంటే సీటు మీద తెల్ల గుడ్డ కప్పుతున్న. ఎర్రగైంది తామరనే, మక్తల్ అన్న చెప్పినట్టే డాక్టరు సుత చెప్పిండు, మందు నడుస్తుంది, ఇంక పది రోజులుంది. మా ఇంటామెకు ఇవన్నీ చదివి వినిపిచ్చిన, నాలుగు నెలలు ఎందుకు చెప్పలేదని కోప్పడ్డది.

పాలమూరు_100సీసీ · ఆదివారం రాత్రి 9:05

సంతోషం అన్నా. జడ్చర్ల అన్నా ఒక డౌటు, నాది పొడుగు మనిషి, ఆరడుగులు. సీటు ఎత్తు పెంచితే మోకాళ్లకు మంచిదే గని హ్యాండిల్ ఇంక కిందికి అయితది గద, మల్ల ముందటికి వంగుత.

సీటుకుట్టు_జడ్చర్ల · ఆదివారం రాత్రి 9:40

సీటు ఇంచు కన్న ఎక్కువ పెంచకు. హ్యాండిల్ పట్టుకునే క్లాంపు నాలుగు బోల్టులు వదులు చేసి నీ దిక్కు కొంచెం తిప్పుకో, తిప్పినంక రెండు దిక్కుల పూర తిప్పి చూడు, క్లచ్ వైరు, బ్రేకు వైరు గుంజుకపోవద్దు, చెయ్యి ట్యాంకుకు తగలొద్దు. బోల్టులు సమానంగ బిగియ్యాలె. నువ్వు జడ్చర్ల మీదికెళ్లే పోతవు గద, బండి తీసుకొని రా, కూసోబెట్టి చూస్త.